సముద్రపు ఒడ్డున పరిగె ఏరిన అమ్మాయి



వెనుకటి శతాబ్దాలలో సైన్సు మీద మనసుపడిన స్త్రీలను గురించి ఇంగ్లీషులో ఎన్నో నవలలు వచ్చాయి, ఇంకా వస్తున్నాయి. వీటిని చారిత్రక నవలలంటారు. మనుషులు నిజం, ఊరు నిజం, సంవత్సరాలు నిజం. వాళ్ళు పొయ్యి దగ్గర కూర్చుని ఏమి మాట్లాడుకున్నారో మాత్రం రచయిత ఊహించి వ్రాస్తాడు. మగవారైన శాస్త్రజ్ఞుల విషయంలో ఇంత ఊహ అక్కరలేదు. వారి ఉత్తరాలు, ఉపన్యాసాలు, పుస్తకాలు బీరువాల నిండా ఉన్నాయి. ఆడవారి విషయంలో పని మిగిలింది గాని మాట అంతగా మిగలలేదు. ఆ ఖాళీలోనే ఈ నవలలు పుడుతున్నాయి.

అలాంటి ఒక నవలను ఈ నెల మీకు పరిచయం చేస్తున్నాను. ట్రేసీ షెవాలియర్ అనే రచయిత్రి 2009లో ప్రచురించిన 'రిమార్కబుల్ క్రీచర్స్'. 'విశేషమైన ప్రాణులు' అని మనం చెప్పుకోవచ్చు. రాళ్ళలో దొరికిన జంతువులనా, వాటిని వెదకిన ఇద్దరు ఆడవారినా ఆ పేరుతో పిలిచింది? ఇద్దరినీ అనుకుంటాను. అయితే నవల సంగతికి ముందు నిజంగా జరిగినది తెలుసుకుంటే మంచిది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఇంగ్లండుకు దక్షిణాన సముద్రపు ఒడ్డున లైమ్ రీజిస్ అనే చిన్న ఊరుంది. అక్కడ రిచర్డ్ ఆనింగ్ అనే వడ్రంగి ఉండేవాడు. 1799 మే 21న అతనికి ఒక ఆడపిల్ల పుట్టింది. మేరీ అని పేరు పెట్టారు. అంతకు కొన్ని నెలల ముందే బట్టలకు నిప్పంటుకుని చనిపోయిన నాలుగేళ్ళ అక్క పేరు కూడా మేరీయే. ఆ తల్లి కన్న బిడ్డలు సుమారు పదిమంది. పెరిగి పెద్దవాళ్ళయినది ఇద్దరే, మేరీ, ఆమె అన్న జోసెఫ్.

మేరీకి 15 నెలల వయసప్పుడు ఒక పొరుగింటామె ఆమెను ఎత్తుకుని, మరి ఇద్దరు స్త్రీలతో చెట్టు కింద నిలబడి ఉండగా పిడుగు పడింది. ముగ్గురు స్త్రీలూ అక్కడికక్కడే చనిపోయారు. పసిబిడ్డ బ్రతికింది. అంతవరకు మందకొడిగా ఉండే బిడ్డ ఆ పిడుగు తరువాతే చురుకైందని ఊళ్ళో చాలాకాలం చెప్పుకున్నారు. ఊళ్ళలో ఇలాంటి మాటలు ఎలా పుడతాయో మనకు తెలియనిది కాదు.

ఆ కుటుంబం ప్రభుత్వ సంఘమైన ఆంగ్లికన్ సంఘములో చేరక, విడిగా ఆరాధించే కాంగ్రిగేషనల్ విశ్వాసులది. విశాఖపట్నం, కడప, గుత్తి ప్రాంతాల పెద్దలకు లండన్ మిషనరీ సొసైటీ పేరు తెలిసే ఉంటుంది. 1805లో విశాఖపట్నం వచ్చిన ఆ మిషను వెనుక ఎక్కువగా ఉన్నది ఈ కాంగ్రిగేషనల్ సంఘాలవారే. అప్పట్లో ఇంగ్లండులో ఇలాంటివారికి చాలా తలుపులు మూసి ఉండేవి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాలంటే ఆంగ్లికన్ విశ్వాస సూత్రాలకు ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఇక మేరీ విషయానికొస్తే ఆడపిల్ల, పైగా పేదపిల్ల. ఆ ఒక్క తలుపు తెరిచినా ఆమె లోపలికి వెళ్ళేది కాదు.

ఆమెకు చదువు వచ్చినది సండే స్కూలులోనే. అక్కడే చదవడం, వ్రాయడం నేర్చుకుంది. ఆమె ఎంతో అపురూపంగా దాచుకున్న పుస్తకమేదో తెలుసా? ఒక సంఘ పత్రిక సంచికలు కలిపి కుట్టిన బైండు! అందులో వారి పాస్టరు జేమ్స్ వీటన్ గారు వ్రాసిన వ్యాసాలు రెండున్నాయి. దేవుడు లోకాన్ని ఆరు దినములలో సృజించాడని ఒకదానిలో గట్టిగా చెప్పారు. రెండవదానిలో విశ్వాసులు కొత్తగా వస్తున్న భూగర్భశాస్త్రం చదవాలని ప్రోత్సహించారు. ఒకే చేతితో, ఒకే పత్రికలో! ఆ రెండింటినీ కలిపి దాచుకున్న పిల్లకు, ఒకటి చదివితే రెండవది చదవకూడదని ఎవరూ చెప్పినట్టు లేదు.

లైమ్ రీజిస్ పక్కనున్న సముద్రపు కొండలు సున్నపురాయి ఒక పొర, మెత్తని నల్లమట్టిరాయి ఒక పొర, మళ్ళీ సున్నపురాయి, ఇలా దొంతరలుగా ఉంటాయి. చలికాలంలో వానలకు, అలలకు ఆ చరియలు విరిగి పడతాయి. పడినప్పుడల్లా లోపల ఉన్నవి బయటపడతాయి. అవే శిలాజాలు, అంటే రాయిగా మారిన గవ్వలు, చేపలు, ఎముకలు. శాస్త్రజ్ఞుల లెక్కలో ఇవి సుమారు 20 కోట్ల ఏళ్ళనాటివి. చుట్టలు చుట్టుకున్న పాములాంటి గవ్వరాళ్ళు అక్కడ విరివిగా దొరుకుతాయి. మన దేశంలో హిందూ సోదరులు పూజలో ఉంచుకునే సాలగ్రామములు, నేపాల్‌లోని గండకి నదిలో దొరికేవి, ఈ జాతివే.

రిచర్డ్ వడ్రంగి పని మధ్యలో ఇవి ఏరి, ఊరికి వచ్చే షికారువారికి అమ్మేవాడు. పిల్లల్ని వెంట తీసుకెళ్ళి ఉలి ఎక్కడ పెట్టాలో నేర్పాడు. ఒకసారి కొండమీద నుండి పడి దెబ్బలు తిన్నాడు. దానిపై క్షయ. 1810లో 44 ఏళ్ళకే చనిపోయాడు. మిగిలినవి అప్పులు. తల్లి ఊరి పేదల సహాయం కోసం అర్జీ పెట్టుకుంది. రూతు కోతవారి వెనుక పొలంలో పరిగె ఏరుకున్నట్టు, పదకొండేళ్ళ మేరీ తుపాను వెనుక ఒడ్డున పరిగె ఏరింది. పోటు వచ్చేలోగా ఏరకపోతే సముద్రం తీసుకుపోతుంది. అందుకే అందరూ ఇంట్లో ముడుచుకునే చలికాలమే ఆమెకు పనికాలం.

1811లో జోసెఫ్ ఒక పెద్ద పుర్రె చూశాడు. నాలుగడుగుల పొడవు, పెద్ద కన్ను, మొసలి మూతి. కొన్ని నెలలకు మేరీ మిగిలిన అస్థిపంజరాన్ని కనిపెట్టింది. అప్పుడామెకు పన్నెండేళ్ళు. ఊరివారు మొసలి అన్నారు. అది మొసలి కాదు. 'చేప బల్లి' అని అర్థమిచ్చే ఇక్తియోసార్ అనే పేరు దానికి తరువాత పెట్టారు. ఒక భూస్వామి దానిని 23 పౌండ్లకు కొన్నాడు. 1819లో అది చేతులు మారి బ్రిటిష్ మ్యూజియంకు చేరేసరికి 45 పౌండ్లు పలికింది. ఆ పుర్రె ఈనాటికీ లండన్‌లోని సహజ చరిత్ర మ్యూజియంలో ఉంది.

ఆ కాలపు విశ్వాసులకు ఈ ఎముకలు చిన్న సంగతి కాదు. దేవుడు చేసిన ఒక జాతి పూర్తిగా అంతరించిపోతుందా? అనేకులకు ఆ ఆలోచనే మింగుడుపడలేదు. ఏ దూర సముద్రంలోనో అది ఇంకా బ్రతికే ఉంటుందని కొందరు సర్దిచెప్పుకున్నారు. అయితే ఈ ఎముకలను శ్రద్ధగా పరిశీలించినవారిలో ముఖ్యులైన విలియం బక్‌లాండ్, విలియం కోనిబేర్ ఇద్దరూ అభిషేకం పొందిన ఆంగ్లికన్ గురువులే. సంఘము ఒకవైపు, శాస్త్రము ఒకవైపు నిలబడి పోట్లాడుకున్నాయని మనం పాఠాలలో చదివినదానికి ఈ కథ అంత సులభంగా లొంగదు.

పని సంగతి చెప్పాలి. రాయిని పగలగొట్టి ఎముక తీయడం ఒక్కటే కాదు. ఎముకకు దెబ్బ తగలకుండా చుట్టూ ఉన్న రాయిని రోజుల తరబడి గీకాలి. విడిపోయిన ముక్కలు ఏది ఎక్కడిదో తెలిసి చట్రంలో అమర్చాలి. అది తెలుసుకోవడానికి మేరీ చేపలను, సిరా చిమ్మే సముద్రప్రాణులను తెచ్చి కోసి లోపలి అమరిక చూసుకునేది. చేప కోయని ఆడది మన తీరంలోనూ ఉండదు. కోసి, వెన్నుపూసలు లెక్కపెట్టి, బల్లమీదున్న రాతి వెన్నుపూసతో పోల్చేది ఎందరు? శిలాజాల కడుపు భాగంలో గుండ్రని రాళ్ళు కొన్ని తరచు కనబడడం ఆమె గమనించింది. పగలగొడితే వాటిలో చేపల పొలుసులు, ఎముకలు. అవి ఆ జంతువుల పెంటే, రాయిగా మారింది! 1829లో బక్‌లాండ్ గారు ఆ సంగతిని శాస్త్ర లోకానికి చెప్పారు. పెంట చూసి పశువు ఏమి మేసిందో చెప్పగల మన రైతు సోదరులకు ఇది వింతగా తోచకపోవచ్చు.

1823 డిసెంబరులో ఆమెకు ఇంకొకటి దొరికింది. పొట్టి తల, నాలుగు తెడ్లలాంటి కాళ్ళు, పాములాంటి పొడవాటి మెడ. ప్లీసియోసార్ అంటారు. అంత పూర్తిగా దొరకడం అదే మొదలు. పారిస్‌లో ఉన్న క్యూవియే ఆ రోజుల్లో ఎముకల శాస్త్రంలో అందరికంటె పెద్ద. ఆయన బొమ్మ చూసి అనుమానించాడు. మెడలో ఇన్ని పూసలు ఏ జంతువుకూ ఉండవు, రెండు జంతువుల ఎముకలు అతికించి ఉంటారని. ఒక్కసారి ఆలోచించండి. ఆ మాట నిలబడితే మేరీ దగ్గర ఇక ఎవరూ చిన్న గవ్వ కూడా కొనరు. తల్లీకూతుళ్ళ అన్నం పోతుంది, దానికంటె ముందు మోసగత్తె అనే పేరు వస్తుంది. లండన్‌లో జియలాజికల్ సొసైటీ వారు సభ పెట్టి విచారించారు. మేరీని పిలవలేదు. ఆడవారికి అక్కడ ప్రవేశం లేదు. స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడం ఆ సొసైటీలో 1919లో గాని జరగలేదు. చివరికి ఎముకలు నిజమైనవేనని తేలింది, క్యూవియే ఒప్పుకున్నాడు. 1824 ఫిబ్రవరిలో కోనిబేర్ గారు ఆ జంతువును సభలో ఘనంగా పరిచయం చేశారు. దానిని తవ్వి, శుభ్రం చేసి, అమర్చినది ఎవరో చెప్పలేదు.

నా మనసును ఎక్కువగా పట్టుకున్నది దీని తరువాతి సంగతి. పుస్తకాలు కొనుక్కునే శక్తి లేక మేరీ శాస్త్ర వ్యాసాలను ఎరువు తెచ్చుకుని చేతితో నకలు వ్రాసుకునేది. అలా వ్రాసుకున్నవాటిలో కోనిబేర్ గారు 1824లో వ్రాసిన వ్యాసం కూడా ఒకటి. అందులోని బొమ్మలను ఆమె ఎంత నేర్పుగా వేసిందంటే, మన కాలపు శాస్త్రజ్ఞుడొకాయన అచ్చుబొమ్మకు, చేతిబొమ్మకు తేడా కనిపెట్టడానికి కష్టపడ్డాడు. తన పేరు ఎత్తని పెద్దమనిషి మాటలను దీపం ముందు కూర్చుని పంక్తి పంక్తీ వ్రాసుకుంటున్న ఆ అమ్మాయికి ఆ రాత్రి ఏమనిపించి ఉంటుంది? చరిత్రలో దానికి జవాబు లేదు. శాస్త్రజ్ఞులు తన తెలివిని పీల్చుకుని, పుస్తకాలు వ్రాసుకుని లాభపడ్డారని, తనకు ఏమీ దక్కలేదని ఆమె బాధపడేదని ఒక స్నేహితురాలి ద్వారా తెలుస్తోంది. ఆమె జీవితకాలంలో శాస్త్రపత్రికలో అచ్చయిన ఆమె స్వంత మాటలు ఒక్క ఉత్తరంలోని భాగమే, అది 1839లో.

ఇక్కడే నవల పని మొదలవుతుంది.

నవలలో కథ చెప్పేవారు ఇద్దరు. ఒక అధ్యాయం మేరీ చెబుతుంది, ఇంకొకటి ఎలిజబెత్ ఫిల్పాట్ చెబుతుంది. ఈ ఎలిజబెత్ కూడా నిజంగా ఉన్న మనిషే. 1805లో అక్కచెల్లెళ్ళతో లండన్ నుండి వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడింది. పెళ్ళి కాలేదు, మేరీకంటె సుమారు 20 ఏళ్ళు పెద్ద. చేపల శిలాజాలు సేకరించేది. ఆమె సేకరణ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉంది. ఒక గొప్పింటి స్త్రీ, ఒక పేద వడ్రంగి కూతురు పక్కపక్కనే బురదలో వంగి వెదకుతుంటే ఊరు ఏమనుకుంటుంది, వారి మధ్య గౌరవం ఎక్కడ, అలుక ఎక్కడ, ఎవరు ఎవరికి నేర్పుతున్నారు? ఈ సంగతులు రచయిత్రి చాలా చక్కగా వ్రాసింది. చలికి పగిలిన వేళ్ళు, తడిసిన పావడా అంచు, పోటు నీళ్ళు చీలమండలు తాకుతుంటే రాయి వదలలేకపోవడం, ఇవన్నీ చదువుతుంటే మనమే ఒడ్డున ఉన్నట్టుంటుంది.

అయితే కల్పన కూడా ఉంది. కర్నల్ బర్చ్ అనే శిలాజాల సేకర్త నిజంగా ఉన్నాడు. అద్దె కట్టలేక ఇంట్లో సామాను అమ్ముకోబోతున్న ఆనింగ్ కుటుంబాన్ని చూసి, 1820లో తన సేకరణను లండన్‌లో వేలం వేయించి, వచ్చిన సుమారు 400 పౌండ్లు వారి మేలుకోసం వినియోగించాడు. ఎంత మంచి పని! నవలలో మేరీ ఆయనను ప్రేమిస్తుంది, దాని వలన ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య ఎడబాటు వస్తుంది. చరిత్రలో ఈ ప్రేమకు ఆధారం లేదు. క్యూవియే అనుమానం వచ్చినప్పుడు ఎలిజబెత్ ఓడ ఎక్కి లండన్ వెళ్ళి, మేరీ తరపున పెద్దమనుషులను నిలదీస్తుంది. అదీ కల్పనే. కాని ఈ రెండవ కల్పన నాకు నచ్చింది. సభలోనికి రానివ్వని చోట ఎవరో ఒకరు ఆ అమ్మాయి పేరు పలకాలని రచయిత్రి తపన పడింది. మొదటిది అంత నచ్చలేదు. ఆడమనిషి కథ అనగానే ఒక ప్రేమ అల్లకపోతే కుదరదా? పన్నెండేళ్ళకు ఇక్తియోసార్‌ను తవ్వినవారి జీవితంలో చెప్పడానికి ఇంకేమీ లేనట్టు. 2020లో వచ్చిన 'అమ్మొనైట్' అనే సినిమా అయితే ఇంకా ముందుకు వెళ్ళి, ఆమెకు ఒక స్నేహితురాలితో ప్రణయం కల్పించింది. దానికీ ఆధారం లేదు. ఇంగ్లీషు మీడియం పిల్లలు నాలుక తిరగడానికి వల్లించే సముద్రపు గవ్వల పాట ఈ మేరీ మీద కట్టినదే అని కూడా చాలామంది చెబుతారు. అదీ రుజువు లేని మాటే.

నవలలో అంతగా చోటు దొరకని సంగతులు కొన్ని చెబుతాను. 1826లో, 27 ఏళ్ళకు, మేరీ అద్దాల కిటికీ ఉన్న స్వంత దుకాణం పెట్టింది. 1828లో ఎగిరే సరీసృపం ఎముకలు తవ్వింది. ఆ ఏడే వారి పాస్టరు జాన్ గ్లీడ్ గారు బానిసత్వానికి వ్యతిరేకంగా పని చేయడానికి అమెరికా వెళ్ళిపోయారు. ఆయన కూడా శిలాజాలు ఏరేవాడే. ఆ తరువాత ఆ సంఘము బలహీనపడింది. కొన్నాళ్ళకు మేరీ ఆంగ్లికన్ ఆలయానికి మారింది, అక్కడా భక్తిగా ఉంది. 1833లో చరియ విరిగిపడి ఆమె కుక్క ట్రే కళ్ళముందే చచ్చిపోయింది. కొద్దిపాటి తేడాతో ఆమె తప్పించుకుంది. కుక్క చనిపోయిన దుఃఖాన్ని ఒక స్నేహితురాలికి ఉత్తరంలో వ్రాసుకుంది. కూడబెట్టిన డబ్బు చాలావరకు పోగొట్టుకున్నప్పుడు బక్‌లాండ్ గారు పూనుకుని ఏడాదికి 25 పౌండ్ల పింఛను ఇప్పించారు. అందరూ ఒకేలాంటివారు కారు. స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు అగాసీ రెండు చేపజాతులకు ఆమె పేరు, ఒకదానికి ఎలిజబెత్ పేరు పెట్టాడు.

1847 మార్చి 9న రొమ్ము క్యాన్సరుతో మేరీ చనిపోయింది. వయసు 47. 1850లో జియలాజికల్ సొసైటీ సభ్యులు చందాలు వేసుకుని ఆ ఊరి సెయింట్ మైకేల్ ఆలయంలో ఆమె జ్ఞాపకార్థం రంగుటద్దాల కిటికీ పెట్టించారు. ఆ అద్దాలలో ఎముక ఒక్కటి కూడా లేదు. ఆకలిగొన్నవారికి అన్నం, దప్పిగొన్నవారికి నీళ్ళు, దిగంబరులకు బట్ట, పరదేశికి చోటు, రోగులను, చెరసాలలో ఉన్నవారిని దర్శించడం, ఇవీ అందులోని బొమ్మలు. బ్రతికినన్నాళ్ళు సభలోనికి రానివ్వనివారు చనిపోయాక కిటికీ పెట్టించడం చూసి సంతోషించాలో బాధపడాలో మీరే నిర్ణయించుకోండి. ఆమె పుట్టిన ఇల్లు ఉన్న చోటనే ఇప్పుడు ఊరి మ్యూజియం ఉంది. ఒక బడిపిల్ల, ఈమెకు ఊళ్ళో విగ్రహం ఎందుకు లేదని అడిగి పట్టుబట్టగా, 2022 మే 21న, ఆమె పుట్టినరోజున, కంచు విగ్రహం నిలబెట్టారు. పక్కన ట్రే కూడా ఉంది.

హైదరాబాదు వెళ్ళేవారికి ఒక మాట. ఇలాంటి పెద్ద ఎముకలు మన గోదావరి ప్రాంతపు రాళ్ళలోనూ దొరికాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే రాకాసిబల్లి అస్థిపంజరాన్ని బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టారు. నెక్లెస్ రోడ్డు, చార్మినారుతో పాటు పిల్లలకు అదీ చూపించండి. వెన్నుపూసలు లెక్కపెట్టమనండి.

నవల ఇంగ్లీషు కష్టమైనది కాదు. మీ ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉంటే, రాత్రి అన్నాలయ్యాక ఒక్కో అధ్యాయం చదివి అమ్మకు, నానమ్మకు తెలుగులో చెప్పమనండి. అధ్యాయం మారినప్పుడల్లా మాట్లాడే మనిషి మారుతుంది కనుక, ఇప్పుడు చెబుతున్నది మేరీయా ఎలిజబెతా అని ముందే చెబితే వినేవారికి తికమక ఉండదు. కర్నల్ గారి అధ్యాయాలు పెద్దలు ముందు చదివి చూసుకుంటే మేలు. నవల అయిపోయాక చివర రచయిత్రి వ్రాసిన మాటలు కూడా వదలకుండా చదివించండి, ఏ సంగతి నిజమో ఏది అల్లినదో అక్కడ కొంత చెప్పింది.